ఎనిమిది వేల రూపాయల బాస్ గిటారు

పోయినసారి బకింగ్‌హాం కాలువ మీద ఆంధ్ర వైపు నుంచి పడవల్లో సరుకులెలా వచ్చేవో రాస్తే చాలామంది బాగుందన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం "పాత కాలువ సంగతి సరే, ఉగాది ఆర్కెస్ట్రా గొడవ ఏమైందో అది రాయండి" అన్నారు. అదే రాస్తున్నాం. గొడవ చిన్నది, దాని వెనకున్న చరిత్ర పెద్దది. ఎప్పటిలాగే తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. మేము చదివింది అరవ బడిలో. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గరా, వడపళనిలో అచ్చయిన చందమామ దగ్గరా నేర్చుకున్నవే.

ముందు గొడవ. మన పిల్లల ఆర్కెస్ట్రాలో కీబోర్డుకు నలుగురు, పాడటానికి తొమ్మిదిమంది, డ్రమ్స్‌కి ఇద్దరు పోటీ. బాస్ గిటారుకు ఒక్కరూ ముందుకు రాలేదు. అది వాయిస్తే ఫోటోలో కనపడతారు గానీ పాటలో వినపడరని పిల్లల అభిప్రాయం. చివరికి ఒప్పుకున్నది మన ఓఎంఆర్ అపార్ట్‌మెంట్లకు నీళ్ళ ట్యాంకరు తోలే నెల్లూరు ఆయన కూతురు. ప్లస్ వన్ చదువుతోంది. వాళ్ళింట్లో గిటారు కొనే మాట ఎత్తడానికి లేదు. అందుకని సంఘం డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి ఎనిమిది వేలకు తెచ్చాం. మూడు నెలలు ఆ పిల్ల రోజూ సాధన చేసింది. ఫిబ్రవరిలో హాల్లో మొదటి రిహార్సల్ పెట్టగానే బండారం బయటపడింది. ఖాళీ కిరసనాయిలు డబ్బాను కర్రతో కొట్టినట్టుంది చప్పుడు. పైగా జుయ్యిమని ఒకటే మోత.

కమిటీ కూర్చుంది. అరవై వేలది కొంటే గానీ లాభం లేదని ఒకరు. వాద్యంతో సహా బయటి ఆర్టిస్టును పిలుద్దామని ఇంకొకరు. కీబోర్డు ఎడమచేతితో బాస్ లాగించేద్దాం, అమ్మాయిని కోరస్‌లో నిలబెడదాం అని మరొకరు. ఖర్చు లేనిది కాబట్టి మూడో మాట నెగ్గింది. ఆ తీర్మానం కింద మా సంతకం కూడా ఉంది, దాచడమెందుకు. సంగతి చెబితే ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు. గిటారును గుడ్డతో తుడిచి కవర్లో పెట్టి, జిప్పు వేసి, ఒక్క మాట అడిగింది. "తప్పు నా వేళ్ళదా తాతయ్యా, గిటారుదా?"

మాకు జవాబు తెలియలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వేలో పనిచేసినవాళ్ళం. విచారణ లేకుండా శిక్ష వేయకూడదని మాత్రం తెలుసు.

పెరంబూరులో మాకొక పాత స్నేహితుడున్నారు. ఆంగ్లో ఇండియన్, గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు, ఎనభై దాటింది. పేరు రాయొద్దన్నారు కాబట్టి గార్డు దొర అంటాం. ఆఫీసులో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. 1982లో మేము అక్కడ గుమస్తాగా చేరేనాటికి ఆయన పగలు గార్డు, శనివారం రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులో బాస్ గిటారు. కోడంబాకంలో రికార్డింగుకు రావలసిన మనిషి రాని రోజున కబురొస్తే అక్కడికీ వెళ్ళేవారు. ఫోన్ చేసి విషయం చెప్పాం. "విప్పి చూడకుండా అమ్మేయకండి" అన్నారు. మర్నాడు కారు పెట్టి తీసుకొచ్చాం. మెట్రో పనుల పుణ్యమా అని పెరంబూరు నుంచి షోళింగనల్లూరుకు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటల్లో ఆయన చెప్పినదీ, తరువాత మేము చదివి సరిచూసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

బాస్ గిటారు వయసు పెద్దదేమీ కాదు. దానికి ముందు ఆర్కెస్ట్రాలో అడుగు స్వరం డబుల్ బాస్‌ది, అంటే మనిషికంటే ఎత్తున్న ఫిడేలు. దాన్ని నిలబెట్టి వాయించాలి, మోయడానికి ఇంకో మనిషి కావాలి, మైకు లేకపోతే వెనక వరసలో వాళ్ళకు వినపడదు. దానికి మెట్లు ఉండవు, కాబట్టి వేలు వెంట్రుకవాసి జరిగినా సుతి తప్పుతుంది. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే రేడియో రిపేరు మనిషి దాన్ని గిటారంత చేసి, వీణకున్నట్టు మెట్లు బిగించి, అయస్కాంతం పెట్టి కరెంటుకు కలిపాడు. మెట్లుంటే స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి ప్రెసిషన్ బాస్ అని పేరు పెట్టాడు. తీగ నిడివి 34 అంగుళాలు. ఈ రోజుకీ ఎక్కువ బాస్ గిటార్లకు అదే కొలత, మన ఎనిమిది వేలదానికి కూడా.

ఇక అందరికీ తెలిసిన పేరు, బీటిల్స్. పాల్ మెకార్ట్‌నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో క్లబ్బుల్లో వాయించుకుంటున్న కుర్రాడు. బ్యాండులో బాస్ బాధ్యత తన నెత్తిన పడింది. ఫెండర్ కొనాలంటే వంద పౌండ్ల దాకా కావాలి. అతను దాదాపు 30 పౌండ్లు పెట్టి హాఫ్‌నర్ అనే జర్మన్ కంపెనీ వాళ్ళ వయొలిన్ ఆకారపు బాస్ కొన్నాడు. చవక అన్నది ఒక కారణం. రెండోది, అతనిది ఎడమచేతి వాటం. ఆ వయొలిన్ ఆకారం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది గనక అటుదిటు పట్టుకున్నా వికారంగా ఉండదు. లోపల డొల్ల, బరువు తక్కువ, తీగ కూడా పొట్టి, 30 అంగుళాలే. ఆ డొల్ల చెక్కలోంచి వచ్చే గుండ్రటి 'డుమ్' శబ్దాన్నే తరువాత ప్రపంచమంతా బీటిల్స్ బాస్ అంది. ఇవాళ ఆ శబ్దం కావాలని అతను ఇచ్చినదానికి ఎన్నో రెట్లు పోసి కొంటున్నారు. ఆ 1961 నాటి గిటారు 1972లో లండన్‌లో ఒక వ్యానులోంచి దొంగల పాలయింది. యాభై ఏళ్ళ తరువాత వెతికి పట్టుకుని ఆయనకు అప్పగించారు. 2024లో పేపర్లలో వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు.

గార్డు దొర దీన్ని చెప్పి నవ్వారు. "అక్కడ ముప్పై పౌండ్లది చవక. ఇక్కడ మాకు అది కూడా ఆకాశంలో ఉండేది."

నిజమే. ఆ రోజుల్లో విదేశీ వాద్యం తెప్పించడమంటే లైసెన్సు, దాని పైన సుంకం. 1991 తరువాత పుట్టినవాళ్ళకు ఇది చెప్పినా నమ్మరు. మౌంట్ రోడ్డులో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ ఉంది. అద్దాల వెనకున్న వాద్యాల్ని బయట నిలబడి చూడటానికి ఖర్చు లేదు, అంతవరకు చూశాం. ఎవరో దుబాయి నుంచో సింగపూరు నుంచో తెచ్చింది చేతులు మారుతూ వస్తే అదృష్టం. లేకపోతే దిక్కు కలకత్తా. గివ్‌సన్, హాబ్‌నర్ లాంటి పేర్లు అక్కడివే. అమెరికా గిబ్సన్, జర్మనీ హాఫ్‌నర్ చెవిలో మోగేలా పెట్టుకున్న పేర్లు. దేశంలో రెండు తరాల కుర్రాళ్ళు గిటారు పట్టింది ఆ కలకత్తా సరుకు మీదే. ఎగతాళి చేసేవాళ్ళున్నారు గానీ, అవి లేకపోతే చాలామంది చేతికి గిటారే వచ్చేది కాదు.

1984లో మేమిద్దరం పాస్ పెట్టుకుని కోరమండల్‌లో హౌరా వెళ్ళాం, ఆయనకు బాస్ కొనడానికి. ఏ అంగడిలో కొన్నామో, ఏ పేరుదో ఇప్పుడెందుకు. రెండు నెలల జీతం అయింది. తిరుగు ప్రయాణంలో దాన్ని పై బెర్తు మీద పడుకోబెట్టి ఆయన కింద కూర్చుని వచ్చారు. విజయవాడ దగ్గర టీటీఈ "ఆ బెర్తు మీద ఎవరు, టికెట్ ఏది" అన్నాడు, దుప్పటి కప్పి ఉంది మరి. రెండు వానాకాలాలు గడిచేసరికి మన మద్రాసు తేమకు దాని మెడ విల్లులా వంగింది. అలాంటిదాని మీదే ఆయన పదిహేనేళ్ళు వాయించారు. వంగిన మెడ మీద ఏ మెట్టు దగ్గర ఏ స్వరం ఎంత తప్పుతుందో వేలికి తెలిసిపోయింది, అక్కడికి రాగానే వేలే సర్దుకునేది.

ఇక మన సంగతి, అంటే మద్రాసులో తయారైన తెలుగు పాట సంగతి. స్టూడియోలు ఒక్కొక్కటిగా హైదరాబాదు వెళ్ళాక కూడా చాలా ఏళ్ళు తెలుగు సినిమా పాట పుట్టింది కోడంబాకం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కలే. పాడినవారు, రాసినవారు, బాణీ కట్టినవారి పేర్లు మనందరికీ కంఠతా. అడుగున ఆ మోత మోయించిందెవరో ఎవరికీ తెలియదు. రికార్డు అట్ట మీద ఉండదు, సినిమా టైటిల్స్‌లో ఉండదు. కాల్‌షీట్ లెక్కన డబ్బు తీసుకుని సైకిలో స్కూటరో ఎక్కి ఇంటికి పోయిన మనుషులు వాళ్ళు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు ఒక లైట్ మ్యూజిక్ బృందం నడిపారు. అందులో గిటారు, తరువాత హార్మోనియం వాయించింది ఇళయరాజా. పక్కన తమ్ముడు గంగై అమరన్ గిటారు, అన్న భాస్కర్ తాళవాద్యం. నెల్లూరు వైపు గాయకుడి వెనక పణ్ణైపురం అన్నదమ్ములు. మన ఊరి చరిత్ర అంటే మాకు ఇదే ముందు గుర్తొస్తుంది. ఇళయరాజా ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, క్లాసికల్ గిటారులో లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకుని, సలీల్ చౌదరి లాంటివాళ్ళ రికార్డింగుల్లో గిటారు వాయించి, జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా ఏళ్ళ తరబడి చేసి, 1976లో అన్నక్కిళితో సొంతంగా మొదలుపెట్టారు. ముందు గిటారిస్టు, తరువాతే సంగీత దర్శకుడు. అందుకే ఆయన పాటల్లో బాస్ మూలన కూర్చోదు. మామూలు పాటలో అది తాళానికి తోడుగా, పట్టిన మూలస్వరం మీదే నడుస్తుంది. ఆయన దానికి వేరే పాటే రాసిచ్చారు. పైన గాయని ఒక దారిన పోతుంటే కింద బాస్ ఇంకో దారిన పోయి, చరణం చివర ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర కలుసుకుంటారు. బాఖ్‌ను చదివిన మనిషి కదా. ఆ బాస్ ఎక్కువగా వాయించింది శశిధరన్. డ్రమ్స్ పురుషోత్తం, కీబోర్డు విజి మాన్యుయల్. తరువాతి తరంలో రెహమాన్ పాటలకు బాస్ వాయించిన కీత్ పీటర్స్ కూడా మన చెన్నై ఆయనే. ఈ పేర్లు ఒక్కసారైనా తెలుగులో రాయాలని మాకుండేది, రాశాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పాటల్ని మనం విన్నది దేని మీద? టీ కొట్టు రేడియో, ఇంట్లో మర్ఫీ, తరువాత అరచేతంత స్పీకరున్న టేప్‌రికార్డరు. బాస్ గిటారు లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ టీ కొట్టు రేడియో స్పీకరు అంత కిందికి పలకనే పలకదు. మరి బాస్ మనకెలా వినపడింది? ఒక తీగ మోగితే దాని అసలు స్వరం ఒక్కటే రాదు. 41తో పాటు దాని రెట్టింపు 82, మూడు రెట్లు 123, అలా పైకి మెట్లు మెట్లుగా వస్తాయి. రేడియోలో 41 చచ్చిపోయినా ఆ పైవి వస్తాయి. వాటిని విన్న చెవి లేని 41ని తనంతట తానే పూరించుకుంటుంది. ఇది శాస్త్రం ఒప్పుకున్న మాట. కాబట్టి పాటలో బాస్ తెలిసేది అట్టడుగు మోత వల్ల కాదు, దానికి కాస్త పైనున్న నడుము స్వరాల వల్ల. సినిమా రీలు పక్కన సన్నని గీతగా ముద్రించిన శబ్దానికీ ఇదే లెక్క. గ్రామఫోను రికార్డులో అయితే అడుగు మోత ఎక్కువైతే గాడి వెడల్పవుతుంది, పాట పట్టే నిమిషాలు తగ్గుతాయి. ఇంజనీర్లు దాన్ని అదుపులో పెట్టక తప్పదు.

మన హాల్లో మేమంతా చేసిందేమిటి? బాస్ వినపడటం లేదని మిక్సరులో బాస్ నాబును చివరిదాకా తిప్పేశాం. స్పీకర్లు గుభగుభలాడాయి, స్వరం మాత్రం తెలియలేదు. దాంతో పై నాబు కూడా తిప్పాం, డబ్బా చప్పుడొచ్చింది.

కారు దిగి, కాఫీ తాగి, గార్డు దొర హాల్లోకి రాగానే గిటారు ముట్టుకోలేదు. ముందు వైర్లు చూశారు. గిటారు వైరు నేరుగా మిక్సరులో కీబోర్డుకిచ్చే రంధ్రంలో గుచ్చి ఉంది. "మొదటి దొంగ దొరికాడు" అన్నారు. మన బాస్‌లో బ్యాటరీ లేదు. అయస్కాంతం చుట్టూ తలవెంట్రుకంత రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది, అంతే. అందులో పుట్టే కరెంటు బహు నీరసం. కీబోర్డు కోసం పెట్టిన రంధ్రం దాన్ని లాగి చప్పగా చేసేస్తుంది, పైనున్న స్వరాలు సగం అక్కడే పోతాయి. మధ్యలో డీఐ అనే చిన్న ఇనప పెట్టె పెట్టాలి. అది సిగ్నల్‌ను మిక్సరుకు సరిపడేలా మార్చి పంపుతుంది. పాండీ బజారు దాకా మనిషిని పంపి 1,800కి ఒకటి తెప్పించాం. రెండో దొంగ ఆ జుయ్యిమనే మోత. ఆయన తీగ మీద చెయ్యి పెట్టారు, మోత తగ్గింది, తీశారు, పెరిగింది. "గిటారులో ఎర్తు బాగుంది. గోడ చూడండి" అన్నారు. చూస్తే మిక్సరు ప్లగ్గుకు మూడో కాలు విరగ్గొట్టి ఉంది. ఎవరు చేశారో తెలియదు, రెండు రంధ్రాల బోర్డులో పట్టాలని చేసి ఉంటారు. పిల్లలు చెయ్యిపెట్టే సామానుకు ఎర్తు లేకుండా మూడు నెలలు నడిపామని తలుచుకుంటే మాకు చెమట పట్టింది. యాభై రూపాయల ప్లగ్గు.

అప్పుడు గిటారు అందుకుని తీగల మీద వేలు జరిపారు, కీచుమంది. తీగలు తుప్పు. సముద్రం ఇక్కడికి రెండు మూడు కిలోమీటర్లు, మన కిటికీ ఊచలకే దిక్కు లేదు, ఇక తీగలెంత. చొక్కా సంచీలోంచి పాత బోర్న్‌వీటా డబ్బా తీశారు. అందులో చుట్టచుట్టిన నాలుగు తీగలు, కొబ్బరినూనె గుడ్డలో. చేతివేళ్ళకు వాతం వచ్చి వాయించడం మానేసినప్పుడు ఆ కలకత్తా గిటారును ఎవరికో ఇచ్చేసి, తీగలు మాత్రం విప్పి దాచుకున్నారట. ఇవి ఫ్లాట్‌వౌండ్. మామూలు తీగ చుట్టూ గుండ్రటి సన్న తీగ చుడతారు, స్ప్రింగులా గరుకుగా ఉంటుంది, కొత్తలో గణగణమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కు చదునైన రిబ్బన్ లాంటిది చుడతారు. నున్నగా ఉంటుంది. గణగణ ఉండదు, 'దుమ్' అని పలికి కూర్చుంటుంది.

"ఇన్నేళ్ళ పాత తీగలు పనికొస్తాయా అంకుల్?" అని ఆ పిల్ల అడిగింది. అప్పుడాయన జేమ్స్ జేమర్సన్ కథ చెప్పారు. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

అమెరికాలో డెట్రాయిట్ కార్ల ఊరు. అక్కడ 1959లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ ఒక మామూలు ఇంట్లో మొదలైంది. నల్లజాతివాళ్ళ కంపెనీ. ఆ ఇంట్లో ఇరుకు గదిలో రికార్డింగు. 1960లలో అక్కణ్ణుంచి వచ్చిన హిట్ పాటల్లో చాలావాటికి బాస్ వాయించింది జేమర్సన్. మొదట్లో డబుల్ బాస్ మనిషి. ఆ అలవాటుతోనే ఎలక్ట్రిక్ బాస్‌ను కూడా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. అతని గిటారు 1962 నాటి ఫెండర్, దుకాణంలో ఎవరైనా కొనుక్కునే ఫ్యాక్టరీ సరుకే. దాని మీద లావు ఫ్లాట్‌వౌండ్ తీగలు, మెట్లకు బాగా ఎత్తుగా. తెగితే తప్ప మార్చేవాడు కాదు. జిడ్డు, మురికి అలాగే ఉండనిచ్చేవాడు. శబ్దం అందులోనే ఉందని అతని నమ్మకం. బ్రిడ్జి మీది రేకు మూత కింద కంపెనీ పెట్టిన స్పాంజి ముక్కను చాలామంది పీకేసేవారు, అతను ఉంచుకున్నాడు. గిటారు నుంచి వైరు నేరుగా రికార్డింగు బల్లకే, మధ్యలో అలాంటి డీఐ పెట్టె. అంతే, వేరే మాయ లేదు. అదే గిటారును ఇంకెవరైనా తీసుకుంటే వాయించడమే కష్టం, తీగలు అంత బిగువు.

ఇన్ని పాటలు వాయించినా రికార్డు అట్టల మీద అతని పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద వాద్యకారుల పేర్లు వేశారు, అప్పటికి మోటౌన్‌లో చేరి పన్నెండేళ్ళు. 1983లో చనిపోయాడు, నలభై ఏడేళ్ళకే. అంతకు కొద్ది రోజుల ముందే ఆ గిటారును ఎవరో ఎత్తుకుపోయారు. మెకార్ట్‌నీది దొరికింది గానీ ఇది దొరకలేదు.

కథ చెబుతూనే గార్డు దొర తీగలు బిగించారు. తరువాత మా ఆవిణ్ణి అడిగి వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి కొత్తది తెప్పించి, పచ్చ గరుకు భాగం కోసేసి, మెత్తటి ముక్కను బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చారు. పిల్లలు నవ్వారు. నవ్వడానికేముంది? మృదంగం ఎడమ పక్క రవ్వముద్ద మెత్తకపోతే ఆ గుమికి వస్తుందా? తంబురకు తీగ కింద దారప్పోగు పెట్టి జరుపుతారు, దాన్ని జీవా అంటారు. లక్ష రూపాయల తంబురైనా ఆ దారం సరిగ్గా కూర్చోకపోతే మూగదే. తీగను కొంచెం ఆపితేనే దాని మాట తెలుస్తుందని మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. లాస్ ఏంజిలిస్‌లో కారల్ కే అనే ఆవిడ, 1960లలో సినిమాలకూ రికార్డులకూ లెక్కలేనన్ని సార్లు బాస్ వాయించినావిడ, తీగల మీద ఫెల్ట్ గుడ్డ ముక్క అంటించుకునేది.

స్క్రూడ్రైవరుతో పికప్‌ను లావు తీగ వైపు కాస్త దించారు. అయస్కాంతం మరీ దగ్గరైతే తీగను లాగుతుంది, స్వరం వణుకుతుంది. మెడలోని ఇనప కడ్డీని పావు తిప్పు తిప్పి చూశారు, చాలు అన్నారు. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి వాయించి, నొక్కకుండా ముట్టి వాయించి, రెండూ ఒకటే స్వరం పలికేదాకా బ్రిడ్జి మరలు జరిపారు. దీనికే గంట పట్టింది. వయసు మీది చేతులు, మేము టార్చి పట్టుకున్నాం. గిటారు మీదున్న టోన్ నాబును సగానికి దించారు. మిక్సరులో బాస్ నాబును వెనక్కి తెచ్చి మధ్యదాన్ని కొంచెం పెంచారు. కమిటీలో ఒకాయన "బాస్ వినపడాలంటే బాస్ తగ్గిస్తారేమిటండీ" అన్నారు. టీ కొట్టు రేడియో సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది.

ఆఖరున పిల్ల చేతులు. ఆమె బ్రిడ్జికి ఆనుకుని మీటుతోంది, ఫోన్లో చూసి నేర్చుకున్న పద్ధతి. అక్కడ తీగ బిగువు, శబ్దం ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. చేతిని నాలుగంగుళాలు మెడ వైపు జరిపించి, బొటనవేలు ఆన్చి, గోరు తగలకుండా వేలి కండతో మీటమన్నారు. మీటింది.

రిహార్సల్ పాట గీతాంజలిలోది, 1989 సినిమా. ఆ పాటను మేము ఎన్ని వందల సార్లు విన్నామో. దాని అడుగున నడిచేది మన హాల్లో, మన ఎనిమిది వేల గిటారులోంచి వస్తుంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు. కీబోర్డు కుర్రాడు తన ఎడమచెయ్యి తనే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తీర్మానం రద్దుకు మళ్ళీ సంతకాలు కావాలని కార్యదర్శి గారు అన్నారు, పెట్టాం. కోశాధికారి గారికి ఇచ్చిన లెక్క: డీఐ పెట్టె 1,800, ప్లగ్గు 50, స్పాంజి 20. స్పాంజికి వోచరు లేదని ఆయన ఇంకా అడుగుతున్నారు.

ఇప్పుడు పిల్లలకు వాద్యాల కరువు లేదు. 2019 నుంచి యమహా వాళ్ళ వాద్యాల ఫ్యాక్టరీ మన చెన్నై శివార్లలోనే ఉంది. పది పదిహేను వేలకు వచ్చే బాస్ ఇవాళ 1984 నాటి మా గిటారు కంటే కచ్చితంగా తయారవుతోంది, మెషీను కోసిన మెట్లు కదా. ఇంట్లో పిల్లలు అరవై వేలది అడుగుతుంటే వద్దని మేము చెప్పం, స్తోమత ఉంటే కొనండి. కొనేముందు ఉన్నదానికి తీగలు మార్చి, ఎర్తు చూసి, ఒక్కసారి మెడ వైపు చెయ్యి జరిపి వాయించమనండి.

పిల్ల అడిగిన ప్రశ్నను గార్డు దొరను అడిగాం. తప్పు వేళ్ళదా, గిటారుదా? "రెండూ కాదు, మీ కమిటీది" అన్నారు. మేము మారు మాట్లాడలేదు.

ఉగాది రోజు ఆయన వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చున్నారు. బాస్ అక్కడి నుంచే సరిగ్గా తెలుస్తుందట. ఆయన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలని కమిటీ అనుకుంది. వద్దన్నారు. పేరైనా చెబుతామంటే అదీ వద్దన్నారు, ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకన్నారు. పాటకు ముందు వాద్యకారులు ఒక్కొక్కరే తమ పేరు చెప్పుకున్నారు. ఆ పిల్ల మైకు దగ్గరికి వచ్చి తన పేరు, బడి పేరు చెప్పి, "తీగలు పెరంబూరువి" అని గబుక్కున వెనక్కి వెళ్ళిపోయింది. చాలామందికి అర్థం కాలేదు. వాళ్ళ నాన్న ట్యాంకరు బయట రోడ్డు మీద ఆపి యూనిఫారంతోనే వచ్చి గోడకానుకుని నిలబడి విన్నారు, పాట అవగానే వెళ్ళిపోయారు, ఇంకా రెండు అపార్ట్‌మెంట్లకు నీళ్ళు పోయాలట.

తిరిగి పెరంబూరు తీసుకెళ్తుంటే దారిలో ఎలా ఉందని అడిగాం. మధ్య కైలాసం సిగ్నల్ దాకా ఏమీ అనలేదు. తరువాత అన్నారు, రెండో చరణంలో సన్న తీగ కొంచెం దిగిపోయిందనీ, మళ్ళీ వచ్చేటప్పుడు ఆ పిల్లకు సుతి పెట్టుకోవడం నేర్పాలనీ.